మా ఆవుల పాల పరీక్ష ఫలితం మాకు చెప్పండి

సంపాదకులు గారికి నమస్కారం.

2023–24లో మన దేశంలో 23.93 కోట్ల టన్నుల పాలు ఉత్పత్తి అయ్యాయని, ప్రపంచంలో మనదే మొదటి స్థానమని పేపర్లో చదివి సంతోషపడ్డాను. ఆ టన్నుల్లో మా ఆవుల పాలు కూడా ఉన్నాయి. మాది పలమనేరు దగ్గర పల్లె. పన్నెండో ఏట మా అమ్మ పక్కన గొంతుకూర్చుని పాలు పిండడం నేర్చుకున్నాను. ఇప్పుడు నాకు యాభై మూడు. రెండు పూటలా పిండే చేతులు నావే. అందుకే పొదుగు వాపు గురించి రాస్తున్నాను. ఎన్ని పాలు వచ్చాయో అందరూ లెక్కపెడతారు. పొదుగులోనే ఎండిపోయిన పాలు ఎన్నో మాకే తెలుసు.

ముందు మా ఎర్రావు సంగతి చెప్పాలి. జెర్సీ సంకరం, మా దొడ్లోనే పుట్టిన పెయ్య. రెండో ఈతలో పూటకు ఏడు లీటర్లు ఇచ్చేది. ఈనిన నెలన్నరకు ఒక సాయంత్రం పిండబోతే వెనక ఎడమ చన్ను ముట్టుకోనివ్వకుండా కాలు విసిరింది. అంతకుముందు ఎన్నడూ కాలెత్తి ఎరగదు. మొదటి ధార అరచేతిలో పట్టి చూశాను. నీళ్లలో పెరుగు తరకలు తేలినట్టుంది. ఆ వైపు పొదుగు మీద చెయ్యి పెడితే జ్వరం వచ్చిన బిడ్డ నుదుటి మీద పెట్టినట్టు కాలింది, ముదురు సొరకాయలా గట్టిగా ఉంది. తెల్లారేసరికి దాణా తొట్టి వైపు తల కూడా తిప్పలేదు.

ఊళ్లో సూదులు వేసే మనిషిని పిలిచాం. 1962 నంబరుకు ఫోన్ చేస్తే డాక్టరుతో సహా బండి వస్తుందన్న సంగతి ఆ టెన్షన్‌లో నాకు తట్టలేదు. ఆయన ఒక సూది వేసి, చన్ను మొనలోంచి ఒక ట్యూబు మందు ఎక్కించాడు. రెండో రోజుకు తరకలు తగ్గాయి. "సరిపోయిందిలే అక్కా, ఇంక మందు ఎందుకు, డబ్బు దండగ" అన్నాడు. మాకూ అదే బాగనిపించి ఆపేశాం. వారం తిరగకుండా మళ్లీ వచ్చింది. ఈసారి వేరే ట్యూబు. ఇంకో పదిహేను రోజులకు మళ్లీ వస్తే మూడో రకం. చివరికి ఆ చన్ను నుంచి చీము వచ్చింది, ఆ తర్వాత ఏమీ రాలేదు. లోపల కణుపులా గట్టిపడి మూసుకుపోయింది. మూడు చన్నుల ఆవైపోయింది.

సంతలో కొనేవాడు ముందు పొదుగు కిందకే చెయ్యి పెడతాడు. డెబ్బై అయిదు వేలు పలకాల్సిన ఆవును ముప్పై ఒక్క వేలకు ఇచ్చి, మా పలుపు విప్పుకుని ఇంటికొచ్చాను.

ఇంకో మాట కూడా చెప్పాలి. ఇన్నాళ్లూ ఎవరితోనూ అనలేదు. మందు ఎక్కించిన చన్ను పాలు నేలపాలు చేశాను గానీ, మిగతా మూడు చన్నుల పాలు ఊరి పాల సేకరణ కేంద్రంలో పోశాను. అవి శుభ్రంగానే కనబడ్డాయి. మందు రక్తంలో కలిసి నాలుగు చన్నుల్లోకీ వస్తుందని, మందు వేశాక ఆగాలని ట్యూబు మీద రాసిన రోజులు దాటేదాకా ఆ ఆవు పాలు ఏవీ పోయకూడదని తర్వాత తెలిసింది. ఆ పాలు ఎవరి బిడ్డలు తాగారో అని ఇప్పటికీ మనసులో కలుక్కుమంటుంది. 2018లో భారత ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ దేశమంతా 6,432 పాల నమూనాలు పరీక్ష చేయిస్తే 77 నమూనాల్లో యాంటీబయాటిక్ మందుల శేషాలు పరిమితికి మించి ఉన్నాయట. 77 తక్కువే అనుకోవచ్చు. నాకు మాత్రం అందులో ఒకటి నా క్యాను అయ్యుంటుందేమో అనిపిస్తుంది.

గత కార్తీక మాసంలో పశువైద్య కళాశాల నుంచి ముగ్గురు విద్యార్థులు మా ఊరొచ్చారు. పొదుగు వాపు మీద పరిశోధన చేస్తున్నారట. తెల్లవారుజామున అయిదు గంటలకే వచ్చారు, పాలు పిండే వేళకు. అందులో ఒక అమ్మాయి చేతిలో తెల్ల ప్లాస్టిక్ పళ్లెం ఉంది. పిడి ఉన్న పళ్లేనికి నాలుగు చిన్న గిన్నెలు, ఒక్కో చన్నుకు ఒక్కో గిన్నె. మొదటి ధారలు నేల మీద వదిలి, తర్వాతి ధారలు ఒక్కో గిన్నెలో పట్టమంది. పట్టాను. పళ్లెం వంచి ఎక్కువైన పాలు ఒలకబోసి, ఊదారంగు ద్రావణం అంతే కొలతలో పోసి, చేట చెరిగినట్టు గుండ్రంగా తిప్పింది.

మూడు గిన్నెల్లో పాలు నీళ్లలాగే తిరిగాయి. నాలుగో గిన్నెలో తిరగలేదు. కోడిగుడ్డు తెల్లసొనలా చిక్కబడి, పళ్లెం వంచితే ముద్దగా జారింది. అది మా గౌరి పాలు, ముందు కుడి చన్నువి. అప్పుడే పిండిన పాలు, తెల్లగా, తియ్యటి వాసనతో ఉన్నాయి. వాపు లేదు, వేడి లేదు, ఆవు హాయిగా గడ్డి నములుతోంది.

"పాలు బాగానే ఉండాయి కదమ్మా, దీనికేం రోగం?" అన్నాను.

"పైకి కనపడదమ్మా. లోపల మొదలైంది" అంది ఆ అమ్మాయి.

అలా మా నాలుగు ఆవులకూ చేసింది. గౌరికి ఒక చన్ను, నల్లావుకు రెండు చన్నులు, మొత్తం మూడు గిన్నెలు ముద్దకట్టాయి. నేను అక్కడే అరుగు మీద కూలబడ్డాను. రెండు నెలలుగా గౌరి పూటకు లీటరు తక్కువ ఇస్తోంది. గడ్డి మారినందుకేమో అనుకున్నాను. దిష్టి తగిలిందని మా అత్త మిరపకాయలు తిప్పి పొయ్యిలో వేసింది. కేంద్రంలో వెన్న శాతం, వెన్న కాకుండా పాలలో ఉండే మిగతా ఘనపదార్థాల శాతం అంటే ఎస్‌ఎన్‌ఎఫ్ తగ్గాయని రేటు కోస్తే, మిషను సరిగా లేదని అక్కడ పిల్లాడితో పోట్లాడాను కూడా.

ఆ అమ్మాయి ఓపిగ్గా చెప్పింది. క్రిమి చన్ను మొనలోంచి లోపలికి పోతే, దాన్ని చంపడానికి రక్తంలోని తెల్లకణాలు పొదుగులోకి దిగుతాయట. పళ్లెంలో పోసే మందుకు ఆ కణాలు పగిలి, లోపలి డీఎన్‌ఏ పోగులు పోగులుగా అల్లుకుంటుంది. ఆ ముద్ద అదే. ఆరోగ్యంగా ఉన్న చన్నులో మిల్లీలీటరు పాలకు రెండు లక్షల లోపు కణాలుంటాయి, వాపు ఉంటే అంతకు ఎన్నో రెట్లు. 1957లో అమెరికాలోని కాలిఫోర్నియాలో కనిపెట్టిన పరీక్ష కాబట్టి కాలిఫోర్నియా పరీక్ష అంటారు. మా అమ్మ పెళ్లికి ముందే కనిపెట్టిన పరీక్షను నేను యాభై ఏళ్లు దాటాక మొదటిసారి చూశాను. మన దేశంలో జరిగిన అధ్యయనాలన్నీ కలిపి చూస్తే, వంద ఆవుల్లో నలభైకి పైగా ఇలా లోపల దాగిన పొదుగు వాపు ఉంటుందని తేలిందట. మా దొడ్లో నాలుగింట రెండు. లెక్క దగ్గరదగ్గరగానే ఉంది.

పేరు ఒకటే గానీ క్రిములు చాలా రకాలని కూడా అప్పుడే తెలిసింది. ఒక రకం పేడలో, తడి నేలలో ఉంటుంది. అది ఉన్నట్టుండి జ్వరం తెచ్చి ఆవును పడగొడుతుంది. స్టెఫైలోకాకస్ అనే ఇంకో రకం చన్నుల చర్మం మీద, పిండేవాళ్ల చేతుల మీద బతుకుతుంది. నిదానంగా లోపల గూడు కట్టుకుంటుంది, మందు వేస్తే అణిగి, ఆపగానే లేస్తుంది. కొన్నిటికి పెన్సిలిన్ బాగా పనిచేస్తుంది, కొన్ని పెన్సిలిన్‌నే విరగ్గొట్టేస్తాయి. పాలను ప్రయోగశాలలో పెంచి చూస్తే ఏ క్రిమో, ఏ మందుకు లొంగుతుందో రెండు మూడు రోజుల్లో తేలుతుంది. ఎర్రావుకు మూడు రకాల మందులు ఎక్కించాం. అందులో ఏ క్రిమి ఉందని ఒక్కరూ అడగలేదు, నాతో సహా.

ఒక ఆవు నుంచి ఇంకో ఆవుకు ఆ క్రిమిని మోసింది నా చెయ్యే. ఒకే బకెట్ నీళ్లు, ఒకే గుడ్డ, నాలుగు పొదుగులు. పైగా మా అమ్మ నేర్పినట్టు బొటనవేలు మడిచి, ఆ కణుపుతో చన్ను నొక్కి పిండేదాన్ని. అట్లా పిండితే చన్ను లోపల చర్మం నలిగి క్రిమికి దారి దొరుకుతుందట. పిడికిలి నిండా పట్టి పిండాలి. నలభై ఏళ్ల అలవాటు మార్చుకోవడానికి నాకు నెల పట్టింది, మొదట్లో మణికట్లు లాగేవి. ఇప్పుడు ఒక్కో ఆవుకు ఒక్కో గుడ్డ. జబ్బు ఉన్న ఆవును ఆఖరున పిండుతాను. పిండగానే అయోడిన్ ద్రావణంలో చన్నులు ముంచుతాను. ఆ వెంటనే పచ్చగడ్డి వేస్తాను. పిండిన తర్వాత అరగంట దాకా చన్ను మొన పూర్తిగా మూసుకోదు, ఆ అరగంట ఆవు పడుకోకుండా నిలబడి ఉండాలి. గడ్డి ముందుంటే నిలబడుతుంది. అయోడిన్ కొన్ని రూపాయల ఖర్చు, మిగతావన్నీ ఉచితం. ఈ మాట ఎర్రావు ఉన్నప్పుడు ఎవరైనా చెప్పి ఉంటే అది ఇంకా మా దొడ్లోనే ఉండేది.

ఇక నా అసలు మనవికి వస్తాను. ఆ విద్యార్థులు గౌరి పాలు ఒక సీసాలో, నల్లావు పాలు రెండు సీసాల్లో పట్టి, ఐసు పెట్టెలో పెట్టుకుని తీసుకెళ్లారు. ప్రయోగశాలలో క్రిమిని పెంచి, ఏ మందు పనిచేస్తుందో చూస్తామన్నారు. ఫలితం ఎప్పుడు చెప్తారని అడిగితే పదిరోజుల్లో ఫోన్ చేస్తామన్నారు. రాలేదు. నేనే రెండుసార్లు చేశాను. మొదటిసారి ఇంకా కాలేదన్నారు. రెండోసారి థీసిస్ పని అయ్యాక చెప్తామన్నారు. ఆ తర్వాత ఫోన్ కలవలేదు. ఆ అమ్మాయిని నేను తప్పుపట్టను. చీకట్లో లేచి వచ్చి, పేడలో మోకాళ్ల మీద కూర్చుని పనిచేసిన పిల్ల. ఫలితం రైతుకు తిరిగి చెప్పాలన్న నియమం ఆమె పనిలో ఎవరూ పెట్టలేదు, అంతే. పుస్తకం పూర్తవుతుంది, పట్టా వస్తుంది, ఆ పుస్తకం అలమరాలో ఉంటుంది. పాలిచ్చిన ఆవుకు ఏం జబ్బో ఆ పుస్తకానికి తెలుసు, దాన్ని పిండే నాకు తెలియదు.

పరిశోధన మాకు వద్దని కాదు, ఇంకా జరగాలి. ఇంగ్లండులో 1960లలో పరిశోధకులు రైతుల దొడ్లలోనే పనిచేసి, పిండాక చన్నులు మందులో ముంచడం, వట్టిపోయే వేళ ప్రతి చన్నుకూ మందు ఎక్కించడం లాంటి అయిదు పనుల పద్ధతి తయారుచేశారట. ఆ తర్వాతి ఏళ్లలో అక్కడ పొదుగు వాపు బాగా తగ్గింది. నేను ఇప్పుడు చేసే పనుల్లో సగం ఆ పరిశోధన నుంచి వచ్చినవే. అక్కడి రైతుకు అప్పుడే చేరిన మాట నా దాకా రావడానికి ఇన్నేళ్లు పట్టింది.

ఐరోపా దేశాల్లో మిల్లీలీటరుకు నాలుగు లక్షల కణాలు దాటితే ఆ రైతు పాలు తీసుకోకూడదని చట్టమే ఉంది. కాబట్టి అక్కడ ప్రతి రైతు పాలకూ కణాల లెక్క కట్టి, కాగితం ఇస్తారు. మా కేంద్రంలో రోజుకు రెండుసార్లు వెన్న చూస్తారు, ఎస్‌ఎన్‌ఎఫ్ చూస్తారు, నీళ్లు కలిపామా అని చూస్తారు. ఆవు ఎలా ఉందో చూడరు. ఉన్నట్టుండి ఇక్కడ కూడా ఆ చట్టం పెట్టమని నేను అడగను, రెండు ఆవుల వాళ్లు మునిగిపోతారు. ముందు పరీక్ష పెట్టండి. నెలకొకసారి, పాలు పోసే చోటే, ఒక్కో రైతు క్యానులోంచి రెండు చెంచాల పాలు తీసి ఆ ఊదా మందుతో తిప్పితే నిమిషం పట్టదు. ముద్దకట్టిన వాళ్ల ఇంటికి ఆ వారంలో పశువైద్య సహాయకుడు వచ్చి చన్ను చన్నుకూ చూడాలి. తగ్గనివాటి పాలు జిల్లా ప్రయోగశాలకు పోవాలి. ప్రతి ఆవు చెవికీ పసుపు పోగు ఉంది, దాని మీద 12 అంకెల నంబరు ఉంది. టీకా వేసినప్పుడు ఆ నంబరు కొట్టి ఫోన్లో ఎక్కిస్తున్నారు. పాల పరీక్ష ఫలితం కూడా ఆ నంబరు మీదే ఎక్కించి, మా ఫోనుకు తెలుగులో మెసేజ్ పంపడానికి కొత్త మిషన్లేమీ అక్కర్లేదు. ఏ కళాశాల, ఏ సంస్థ మా ఆవుల పాలు పరిశోధనకు పట్టుకెళ్లినా ఇదే పద్ధతి ఉండాలి.

జబ్బు బయటపడితే పాలు తీసుకోరని రైతులు భయపడతారు, నిజమే. మందు వేసిన నాలుగైదు రోజుల పాలు పారబోయడమంటే మాలాంటి ఇంట్లో కరెంటు బిల్లు, పిల్లల బస్సు ఛార్జీలు పారబోసినట్టే. నిజం చెప్పి పాలు పోయడం ఆపిన రైతుకు ఆ రోజుల్లో సగం రేటైనా డెయిరీ ఇస్తే, దాచిపెట్టి పోసేవాళ్లు తగ్గుతారు. పాలు తాగే పట్నంవాళ్లు దీని గురించి డెయిరీలను అడగాలి.

మీటింగుల సంగతి కూడా కాస్త చెప్పనివ్వండి. పాడి మీద శిక్షణ అంటే మండల కేంద్రంలో పొద్దున పది గంటలకు పెడతారు. మా ఊళ్లో పిండేది ఆడవాళ్లం. ఆ వేళకు మేము దొడ్డి ఊడ్చి, పిల్లల్ని బడికి పంపి, కసువు కోయడానికి పోయుంటాం. మీటింగుకు మగవాళ్లు పోయి, టీ తాగి, సంతకం పెట్టి వస్తారు. మా ఆయన రెండుసార్లు పోయాడు. చన్నులు మందులో ముంచాలని అక్కడ చెప్పారట. ఇంటికొచ్చి నాతో చెప్పాలని ఆయనకు తోచలేదు. తెల్లవారుజామున దొడ్డి దగ్గరికొచ్చి చెప్పండి, ఆ విద్యార్థుల్లాగా. అరగంట చాలు.

మేము చేతులు కట్టుకుని కూర్చోలేదు. పాకిస్తాన్‌లోని ఫైసలాబాద్ వ్యవసాయ విశ్వవిద్యాలయం వాళ్లు బట్టలుతికే పొడితోనే ఇదే పరీక్ష చేయొచ్చని చెప్పారని మా అబ్బాయి ఫోన్లో చూసి చెప్పాడు. అర లీటరు నీళ్లలో 15 గ్రాముల పొడి కలిపి, ఆ నీళ్లు, పాలు సమానంగా గిన్నెలో పోసి తిప్పుతాను. పదిహేను రోజులకోసారి నాలుగు ఆవులకూ చూస్తున్నాను. పక్కింటి వాళ్లవి కూడా చూసిపెడుతున్నాను. పొదుగు కాస్త గట్టిపడినట్టు చేతికి తెలియగానే, జాతీయ పాడి పరిశ్రమాభివృద్ధి సంస్థ వాళ్లు ప్రచారం చేస్తున్న లేపనం వేస్తాను: 250 గ్రాముల కలబంద, 50 గ్రాముల పసుపు, 15 గ్రాముల సున్నం కలిపి రుబ్బితే కుంకుమలా ఎర్రబడుతుంది. పాలు పూర్తిగా పిండేసి, దాన్ని నీళ్లతో పలచగా చేసి రోజుకు ఎనిమిది పదిసార్లు, అయిదు రోజులు పూయాలి. నల్లావుకు ఒక చన్ను దీనితోనే కుదుటపడింది. రెండోది ఇంకా గిన్నెలో ముద్దకడుతూనే ఉంది. జ్వరం వచ్చి మేత మానేసిన ఆవుకు మాత్రం దీన్ని నమ్ముకుని కూర్చోకండి, వెంటనే డాక్టరును పిలవండి.

కానీ సబ్బు నీళ్లు జబ్బు ఉందనే చెబుతాయి, ఏ క్రిమో చెప్పలేవు. అది ఆ మూడు సీసాల్లోనే ఉంది.

కార్తీకంలో మా ఊరొచ్చిన విద్యార్థులు గానీ, వాళ్ల మాస్టర్లు గానీ ఈ ఉత్తరం చదివితే ఆ ఫలితం నాకు చెప్పమని చేతులెత్తి అడుగుతున్నాను. సీసాల మీద మా ఆవుల చెవిపోగు నంబర్లు రాసుకున్నారు, వెతికితే దొరుకుతుంది. గౌరి ఇప్పుడు ఆరు నెలల చూడి. వచ్చే నెలాఖరుకు పాలు ఎండగట్టాలి. ఆ రోజు దాని ముందు కుడి చన్నులోకి ఏ మందు ఎక్కించాలో నాకు తెలియాలి.

ఇట్లు,
ఒక పాడి రైతు మహిళ
పలమనేరు మండలం, చిత్తూరు జిల్లా